గుర్రానికి అది పోటీ అని తెలియకూడదు



గుర్రాల పోటీ అనగానే హైదరాబాదులో ఎవరికైనా మలక్‌పేట రేసులే గుర్తొస్తాయి. ఈ ప్రసంగం వాటి గురించి కాదు. గుర్రమూ రౌతూ కలిసి రంగు కర్రల అడ్డంకులు దూకే పోటీ ఒకటుంది, షో జంపింగ్. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్న మైదానంలో గుర్రాన్ని ముందే నిర్ణయించిన వరసలో నడిపించి, మళ్ళించి, ఆపి, ఒక్కో కదలికకు సున్నా నుంచి 10 దాకా మార్కులు వేయించుకునే పోటీ ఇంకొకటి, డ్రెస్సాజ్. ఈ రెండూ కలిసి జరిగే సందడినే హార్స్ షో అంటున్నాం. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు బంగారు పతకం తెచ్చింది. అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా. అంతకు ముందు గుర్రపు క్రీడల్లో మనకు ఆసియా స్వర్ణాలు వచ్చింది 1982లో, ఢిల్లీ క్రీడల్లో. మధ్యలో 41 ఏళ్ళు గడిచాయి.

ఆ వార్త చదివిన తల్లిదండ్రులు కొందరు నన్ను అడుగుతుంటారు. “మా అమ్మాయి స్వారీ బాగానే చేస్తోంది సార్, పోటీకి పంపాలంటే ఏమేం సిద్ధం చేసుకోవాలి?” అని. వాళ్ళ మనసులో ఉన్నవి కోటు, బూట్లు, ఫీజు. అవి ఒక్క సాయంత్రంలో తేలిపోయే పనులు. వారాల తరబడి సిద్ధం చేయాల్సింది వేరే ఉంది. పోటీ రోజున ఆ గుర్రానికి ఇవాళ ఏదో కొత్తగా జరగబోతోందన్న అనుమానం రాకూడదు. నా మట్టుకు నాకు ఈ తయారీ అంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఎందుకంటే గుర్రం పుట్టుకతోనే పిరికిది. తప్పు మాట అనుకోకండి, ఆ పిరికితనమే దాన్ని లక్షల ఏళ్ళు బతికించింది. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూరా చూడగలదు. సరిగ్గా నుదుటికి ఎదురుగా కొద్ది మేర, తోక వెనక కొద్ది మేర మాత్రం కనబడదు. తెలియనిది కంటపడితే ముందు పరిగెత్తి, ఆ తర్వాత అదేమిటో చూసుకుంటుంది. ఇంటి దగ్గర నిబ్బరంగా నాలుగడుగుల కర్ర దూకిన గుర్రం, పోటీ మైదానంలో రెండడుగుల కర్ర ముందు నాలుగు కాళ్ళూ పాతేసి నిలబడిపోతుంది. కర్ర ఎత్తు దానికి లెక్కలో లేదు. కర్ర కింద పెట్టిన పూలకుండీలు ఇంటి దగ్గర లేవు, అంతే.

మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కుంది. హైదరాబాదు చుట్టుపక్కల స్వారీ బడుల్లో చాలా గుర్రాలు ఒకప్పుడు రేసులు పరిగెత్తినవే. రెండు మూడేళ్ళ వయసులో పందెంలోకి దిగి, కాస్త వేగం తగ్గగానే బయటికి వచ్చేస్తాయి. అప్పటికి వాటికి ఇంకా ఇరవై ఏళ్ళ ఆయుష్షు ఉంటుంది. ఇవి మంచి గుర్రాలు, తెలివైనవి, ఒడ్డూ పొడుగూ ఉన్నవి. కానీ వాటికి జనమూ మైకూ అంటే ఒకటే అర్థం తెలుసు. జనం కేకలు, లౌడ్‌స్పీకరు, పక్కన ఇంకో పది గుర్రాలు, ఇవన్నీ కనబడ్డాయంటే ఇక స్టార్టింగ్ గేటు ధడాలున తెరుచుకుంటుంది, పరిగెత్తాలి. స్వారీ బడిలో ఏడాది పాటు చల్లగా ఉన్న గుర్రం పోటీ మైదానంలో దిగగానే చెమటలు కక్కుతూ గిరగిరా తిరగడానికి కారణం ఇదే. దాని పాత ఉద్యోగం గుర్తొచ్చింది.

పగ్గాల సంగతి కూడా అంతే. రేసులో జాకీ పగ్గం బిగించి పట్టుకుంటే గుర్రం ఆ బిగువు మీద బరువు మోపి ఇంకా వేగం పెంచుతుంది. పోటీలో భయపడ్డ పిల్ల ఏం చేస్తుంది? పగ్గం బిగించి లాగుతుంది. పిల్ల ఆగమంటోంది, గుర్రం పరిగెత్తమన్నారని అనుకుంటోంది. అందుకే రేసు నుంచి వచ్చిన గుర్రానికి నేర్పాల్సిన మొదటి పాఠం దూకడం కాదు. రౌతు వీపు నిటారుగా చేసి, ఊపిరి వదిలి, పగ్గం ఒకసారి మెల్లగా బిగించి వెంటనే వదిలితే వేగం తగ్గించడం. ఎక్కేటప్పుడు కదలకుండా నిలబడటం. రేసు గుర్రం మీదికి జాకీని నడుస్తుండగానే ఎత్తి కూర్చోబెడతారు. అది నిలబడటం నేర్చుకుని ఉండదు. దీనికి నెలలు పడుతుంది. పట్టనివ్వాలి.

మరి జనాన్నీ మైకునూ అలవాటు చేయడం ఎలా? మెల్లగా, మోతాదు పెంచుకుంటూ. గుర్రం గడ్డి తింటున్నప్పుడు దూరంగా చిన్న గొంతుతో రేడియో పెట్టండి. ఈ ప్రసంగమైనా పర్వాలేదు. రోజూ కొంచెం దగ్గరికి, కొంచెం గొంతు పెంచుతూ. స్వారీ చేసే చోట గోడ మీద టార్పాలిన్ ఆరేయండి, జెండా కట్టండి, ప్లాస్టిక్ కుర్చీలు వరసగా పెట్టి నలుగురిని కూర్చోబెట్టండి. గుర్రం బెదిరి చూస్తే కొరడా తీయకూడదు. తిరిగి చూడనివ్వాలి, వాసన చూడనివ్వాలి. చూసి నిట్టూర్చి తల దించిందంటే ఆ వస్తువుతో దాని పేచీ తీరిపోయింది. భయపడిన చోటే కొడితే, ఆ జెండా నిజంగానే దెబ్బలు తెస్తుందని దానికి రుజువు చేసినట్టవుతుంది.

ఇంతకన్నా మంచి పని ఇంకొకటుంది. మొదటి పోటీకి గుర్రాన్ని తీసుకెళ్ళండి, కానీ పోటీ చేయకండి. నిర్వాహకులను అడిగి అనుమతి తీసుకుని, ఒక మూల గడ్డి మేపుతూ, నడిపిస్తూ ఆ సందడి చూపించి తీసుకొచ్చేయండి. ఖర్చు తప్ప ఏం వచ్చిందని చాలామంది పెదవి విరుస్తారు. ఆ ఖర్చు వచ్చే ఏడాది అంతటికీ పెట్టుబడి అని నేనంటాను.

ఇక గుర్రం ఒంటి సంగతి. 450 కిలోల గుర్రం రోజుకు తొమ్మిది పది కిలోల మేత తింటుంది. అందులో ఎక్కువ భాగం గడ్డే కావాలి. దాణా, అంటే ఓట్సో బార్లీయో ఉడకబెట్టిన ఉలవలో, కొద్దికొద్దిగా రెండు మూడు పూటలుగా పెట్టాలి. గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చిన్నది. పైగా అది వాంతి చేసుకోలేదు. లోపలికి వెళ్ళినది ముందుకే పోవాలి. పోటీ దగ్గరపడుతోంది, బలం కావాలి అని ఉన్నపళంగా దాణా రెట్టింపు చేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. అలా వచ్చే కడుపునొప్పి గుర్రాన్ని ఒక్క రాత్రిలో చంపగలదు. మేతలో ఏ మార్పు చేయాలన్నా వారం పది రోజుల మీద మెల్లగా చేయాలి, పోటీకి ముందు వారంలో అసలు చేయకూడదు. పోటీ ఊరికి వెళ్ళేటప్పుడు ఇంటి గడ్డే, ఇంటి దాణాయే మూటగట్టుకుని వెళ్ళాలి. పోటీ ఉదయం దూకడానికి మూడు గంటల ముందే దాణా ముగించేయండి. గుప్పెడు గడ్డి మాత్రం చివరిదాకా ఇస్తూ ఉండొచ్చు. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే కడుపులోని ఆమ్లం పైకి ఎగిసి పుళ్ళు పడతాయి.

లాడాల విషయం. గిట్ట నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి ఐదారు వారాలకోసారి లాడాలు తీసి, గిట్ట చెక్కి, మళ్ళీ కొట్టాలి. పోటీ ఉందని ముందు రోజు కొత్త లాడాలు కొట్టించడం కొత్త చెప్పులేసుకుని అలిపిరి మెట్లెక్కడం లాంటిది. ఒక్క మేకు అటూ ఇటూ అయినా తెల్లారేసరికి గుర్రం కుంటుతుంది. వారం పది రోజుల ముందు కొట్టించుకుంటే, తేడా వస్తే సరిచేయడానికి వ్యవధి ఉంటుంది.

కాగితాలు తక్కువ పని కాదు. గుర్రాన్ని ఊరు దాటించాలన్నా, పోటీ ప్రాంగణంలోకి రానివ్వాలన్నా ముఖ్యంగా అడిగేది గ్లాండర్స్ లేదన్న పరీక్ష. ఇది మనుషులకూ సోకగల జబ్బు. మన దేశంలో ఈ జబ్బు తేలిన గుర్రానికి చికిత్స లేదు, చట్టం ప్రకారం దాన్ని చంపేయాల్సిందే. పరీక్షల విషయంలో దేశానికంతటికీ ఆధారం హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. రక్తం పంపి, ఫలితం వచ్చేదాకా రోజులు పడుతుంది. ధనుర్వాతం టీకా, ఫ్లూ టీకా కూడా లెక్క ప్రకారం ఉండాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం పోటీకి చేరడానికి ముందు ఏడు రోజుల్లో ఫ్లూ టీకా వేయకూడదు. టీకా వేశాక గుర్రానికి ఒకటి రెండు రోజులు ఒళ్ళు నలతగా ఉంటుంది కాబట్టి అది సబబైన నియమమే.

మందుల గురించి ఒక కథ చెప్పాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీలు హాంకాంగ్‌లో జరిగాయి. అక్కడ చేసిన పరీక్షల్లో కొన్ని గుర్రాల ఒంట్లో క్యాప్సైసిన్ బయటపడింది. మన గుంటూరు మిరపకాయలో ఉండే ఘాటు అదే. నొప్పులకు రాసే లేపనాల్లో ఉంటుంది. కాళ్ళకు రాస్తే చర్మం మండుతుంది, కర్ర తగిలితే ఇంకా మండుతుంది, అందుకని కాలు పైకెత్తి దూకుతుందని దాన్ని వాడే దుర్మార్గం కూడా లోకంలో ఉంది. ఆ పరీక్షల వల్ల నార్వే జట్టు మెడలో పడిన కాంస్య పతకం తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. కాబట్టి పశువైద్యుణ్ణి అడగకుండా గుర్రానికి ఏ బామూ రాయకండి. అమృతాంజనమైనా సరే. పిల్లలు ముద్దుగా చాక్లెట్ ముక్క పెడతారు, గుర్రాన్ని చూసుకునే సైసు తన ఇరానీ చాయ్‌లో బిస్కెట్టు ముంచి పెడతాడు. చాయ్‌లోని కెఫీను, చాక్లెట్లోని థియోబ్రోమిను, రెండూ పరీక్షలో పట్టుబడేవే. క్యారెట్ పెట్టండి, ఎవరూ ఏమీ అనరు.

సైసు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పోటీ తయారీలో సగం పని అతనిదే, ఫొటోలో మాత్రం అతను ఉండడు. గుర్రం రాత్రి ఎన్నిసార్లు పడుకుని లేచింది, పేడ ఎలా వేసింది, బకెట్లో ఎన్ని నీళ్ళు మిగిల్చింది, అన్నీ అతనికే తెలుసు. పోటీకి వెళ్ళే పిల్లలను నేను ముందు సైసు దగ్గర కూర్చోబెడతాను. ఖరారా అనే గుర్రపు దువ్వెన పట్టుకుని గుండ్రంగా రుద్దడం, గిట్టలో ఇరుక్కున్న రాయి తీయడం, కాలి మీద చెయ్యి వేసి వేడి తెలుసుకోవడం నేర్చుకోమంటాను. విశ్రాంతిగా ఉన్న గుర్రం నాడి నిమిషానికి ముప్పై నలభై మధ్య కొట్టుకుంటుంది, ఒంటి వేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. తన గుర్రానికి మామూలుగా ఎంత ఉంటుందో వారం రోజులు రాసుకున్న పిల్లకు, పోటీ ఉదయం తేడా వస్తే వెంటనే తెలిసిపోతుంది. విరాటుడి కొలువులో దామగ్రంథి పేరుతో నకులుడు చేసింది ఈ పనే. రాజకుమారుడే అయినా గుర్రపుశాలలో పని చిన్నతనం అనుకోలేదు.

పాత అశ్వశాస్త్రాలు గుర్రం ఒంటి మీది సుళ్ళకు చాలా విలువ ఇచ్చాయి. తెలుగులో మనుమంచి భట్టు కూడా ఒక అశ్వశాస్త్రం రాశాడు. ఈనాటి పోటీలో న్యాయనిర్ణేత సుడి ఎక్కడుందో చూడడు. చూసేవాళ్ళ కంటపడేది నిగనిగలాడే వెంట్రుక. అది ఒక్కరోజు షాంపూతో రాదు, వారాల పాటు ఖరారా పడితే వస్తుంది. జూలు తడిపి చిన్న చిన్న జడలల్లి ముడి పెట్టడం ఆనవాయితీ. పోటీ ఉదయమే అల్లాలి. రాత్రే అల్లేస్తే గోడకు రాసుకుని పాడు చేసుకుంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. మూతి మీద, కళ్ళ చుట్టూ ఉండే పొడుగాటి మీసాల్లాంటి వెంట్రుకలు కత్తిరించకూడదు. కంటికి కనబడనంత దగ్గరి వస్తువును గుర్రం వాటితోనే తాకి తెలుసుకుంటుంది. ఒకప్పుడు అందం కోసం గొరిగేవాళ్ళు. 2021 జులై నుంచి అంతర్జాతీయ పోటీల్లో అలా గొరిగిన గుర్రాన్ని అనుమతించడం లేదు. మంచి పని చేశారు.

ప్రయాణం చాలామంది పట్టించుకోని భాగం. హైదరాబాదు నుంచి బెంగళూరు పోటీకి వెళ్ళాలంటే 570 కిలోమీటర్ల దారి. లారీ కదులుతున్నంత సేపూ గుర్రం నాలుగు కాళ్ళ మీద తూకం పట్టుకుంటూ నిలబడే ఉంటుంది. అంటే అదీ పనే. తల పైకి కట్టేసి గంటల తరబడి తీసుకెళితే, ముక్కులో గొంతులో చేరిన దుమ్మూ కఫమూ కిందికి జారే దారి లేక ఊపిరితిత్తుల జబ్బు చేస్తుంది. మూడు నాలుగు గంటలకోసారి ఆపి, తల కిందికి దించుకునేలా తాడు వదలాలి, నీళ్ళు పెట్టాలి. కొత్త ఊరి నీళ్ళ రుచి తేడాగా ఉంటే కొన్ని గుర్రాలు ముట్టవు. ఇంటి దగ్గరే వారం ముందు నుంచి నీళ్ళలో కాస్త బెల్లం కలపడం అలవాటు చేస్తే అక్కడ కూడా అదే రుచి దొరుకుతుంది. లారీ ఎక్కడం కూడా పోటీ ముందు రోజు నేర్పేది కాదు. ఖాళీ రోజుల్లో ఎక్కించి, లోపల దాణా పెట్టి, దించేయాలి. ఎక్కిన ప్రతిసారీ ఎక్కడికో పోవాల్సిందే అని దానికి అనిపించకూడదు.

ఇప్పుడు రౌతు దగ్గరికి వద్దాం. దుస్తుల గురించి రెండే మాటలు. హెల్మెట్ గడ్డం కింద పట్టీతో బిగుతుగా ఉండాలి, ఒకసారి నేలకు గట్టిగా తగిలిన హెల్మెట్ పైకి బాగున్నా పారేయాలి. డ్రెస్సాజ్‌లో పొడుగు టోపీల షోకు 2021తో పోయింది, అందరూ హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. బూట్లు కొత్తవైతే నెల ముందు నుంచే తొడిగి మెత్తబరచుకోండి. కోటు, చేతి తొడుగులు వేసుకుని కనీసం కొన్నిసార్లు ఇంటి దగ్గర స్వారీ చేయండి. తెల్ల ప్యాంటు చివరి క్షణంలో వేసుకోండి. అంతే, దుస్తుల పాఠం అయిపోయింది.

డ్రెస్సాజ్‌కు వెళ్ళే పిల్ల కదలికల వరస మొత్తం కంఠస్థం చేయాలి. మైదానం చుట్టూ అక్షరాల పలకలు ఉంటాయి. ఏ అనే చోట లోపలికి రావడం, నట్టనడుమ ఎక్స్ దగ్గర ఆగడం, పగ్గాలు ఒక చేతిలోకి తీసుకుని న్యాయనిర్ణేతకు వందనం. అక్కడి నుంచి ఎడమకో కుడికో, ఏ అక్షరం దగ్గర ట్రాట్ అనే నెమ్మది పరుగు, ఏ అక్షరం దగ్గర క్యాంటర్ అనే ఇంకాస్త వేగం పరుగు, అంతా వరసగా గుర్తుండాలి. ఇది ఇంట్లో చాప మీద నడిచి నేర్చుకోవాలి. గుర్రం మీద మొత్తం వరస మళ్ళీ మళ్ళీ చేయకూడదు. గుర్రాల జ్ఞాపకశక్తి గొప్పది. నాలుగు సార్లు చేస్తే ఐదోసారి మీరు అడగకముందే అది ఆ మూల దగ్గర క్యాంటర్ మొదలెట్టేస్తుంది, మార్కులు పోతాయి. గుర్రంతో ముక్కలు ముక్కలుగా, వరస మార్చి చేయించాలి. వరస తెలియాల్సింది రౌతుకే.

షో జంపింగ్‌లో పరీక్ష వేరు. అడ్డంకుల వరస ఆ రోజు దాకా తెలియదు. పోటీకి ముందు రౌతులందరినీ కాలినడకన మైదానంలోకి వదులుతారు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అది. అంకె వేసిన ప్రతి అడ్డంకికీ కుడి పక్క ఎర్ర జెండా, ఎడమ పక్క తెల్ల జెండా ఉంటాయి, వాటి మధ్య నుంచే దూకాలి. క్యాంటర్‌లో గుర్రం వేసే ఒక అంగ సుమారు 12 అడుగులు. మనిషి మూడడుగుల పొడవున అడుగు వేయడం అలవాటు చేసుకుంటే, మన నాలుగు అడుగులు గుర్రం ఒక అంగ. ఒక అడ్డంకి నుంచి తర్వాతి అడ్డంకికి నడిచి చూశారు, మన అడుగులు 24 పడ్డాయి అనుకోండి. గుర్రం నేలకు దిగడానికి రెండు, మళ్ళీ ఎగరడానికి రెండు తీసేయండి. మిగిలింది 20. అంటే ఐదు అంగలు. ఐదో అంగ కాగానే ఎగరాలి. 22 అడుగులే పడితే? అప్పుడే రౌతు నిర్ణయించుకోవాలి, గుర్రాన్ని కాస్త అదిమి పట్టి పొట్టి అంగలతో ఐదు వేయించాలా, సాగదీసి నాలుగే వేయించాలా అని. తన గుర్రం పొడుగు అంగదా పొట్టి అంగదా తెలియకపోతే ఈ లెక్క పనికిరాదు. కోర్సు వేసినవాడు ఇలాంటి చోట్లే తెలివి చూపిస్తాడు. కర్ర పడితే 4 తప్పులు, గుర్రం నిరాకరిస్తే 4. అంతర్జాతీయ నియమాల్లో రెండోసారి నిరాకరిస్తే ఇంటికే, కిందపడినా ఇంటికే.

లెక్క పూర్తయ్యాక ఒకసారి ఆగి, మలుపుల దగ్గర నిలబడి గుర్రం కళ్ళతో చూడండి. ఎండ ఎటు పడుతోంది, ఏ అడ్డంకి నీడలో ఉంది, గేటు ఎటుంది. గుర్రం గేటు వైపు పోయేటప్పుడు వేగం పెంచుతుంది, గేటుకు దూరంగా పోయేటప్పుడు బరువుగా కదులుతుంది. మిగతా గుర్రాలు అటే ఉన్నాయని దానికి తెలుసు.

ఇక భయం. 2009లో స్వీడన్ పరిశోధకులు ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. మనుషుల చేత గుర్రాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కొన్నిసార్లు నడిపించారు, స్వారీ చేయించారు. చివరిసారి మాత్రం, ఈసారి మీరు పక్కనుంచి వెళ్తుంటే గొడుగు తెరుస్తాం అని ముందుగా చెప్పారు. తెరవలేదు. అయినా ఆ మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్ళతో పాటు గుర్రాల గుండె వేగం కూడా పెరిగింది. గుర్రానికి గొడుగు సంగతి ఎవరూ చెప్పలేదు కదా. కాబట్టి ‘భయపడకు’ అని పిల్లకు చెప్పడం వల్ల లాభం లేదు. చేయడానికి పని ఇవ్వాలి. ఊపిరి లెక్కపెట్టుకో, దూకేటప్పుడు తర్వాతి అడ్డంకి వైపు చూడు, అంగలు బయటికి లెక్కపెట్టు అని చెప్పాలి. లెక్కపెట్టే నోరు ఊపిరి బిగపట్టలేదు. తల్లిదండ్రులకు ఒక విన్నపం. గేటు దగ్గర నిలబడి ఆఖరి నిమిషం సలహాలు ఇవ్వకండి. నీళ్ళ సీసా పట్టుకుని ఊరికే నిలబడితే చాలు.

పోటీకి ముందు గుర్రాల ఒళ్ళు వేడెక్కించే వార్మప్ మైదానం చూస్తే మన కోఠి చౌరస్తా గుర్తొస్తుందని మా పిల్లలు నవ్వుతారు. అక్కడా నియమాలు ఉన్నాయి. ఎదురొచ్చేవాళ్ళ ఎడమ చేయి మీ ఎడమ చేతి వైపు ఉండేలా దాటాలి, దూకబోయే ముందు ఏ అడ్డంకో గట్టిగా చెప్పాలి, గుర్రాన్ని అడ్డంకి ముందు ఆపి కబుర్లు చెప్పకూడదు. ఇరవై ముప్పై నిమిషాలు చాలు. ఎక్కువ భాగం నడకా ట్రాటే, ఆపైన నాలుగైదు దూకులు. చివరిది బాగా వస్తే అక్కడితో ఆపేయండి. ఇంటి దగ్గర రానిది ఇక్కడ పది నిమిషాల్లో వస్తుందని గుర్రంతో కుస్తీ పట్టేవాళ్ళు ప్రతి పోటీలోనూ కనబడతారు, లోపలికి వెళ్ళేసరికి వాళ్ళ గుర్రాలు అలిసిపోయి ఉంటాయి. లోపలికి వెళ్ళాక గంట మోగేదాకా ఆరంభ గీత దాటకూడదు. గంట మోగాక 45 సెకన్ల వ్యవధి ఉంటుంది. మోగగానే దూసుకుపోవాల్సిన పని లేదు. గుర్రానికి ఆ మైదానం ఒకసారి చూపించి, పూలకుండీల పక్కగా తిప్పి, అప్పుడు మొదలెట్టండి.

పోటీ అయ్యాక పతకం వచ్చిందో లేదో తర్వాత. ముందు జీను బిగువు వదలాలి, దిగి నడిపించాలి. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే కండరాలు పట్టేస్తాయని, తాగనిస్తే కడుపునొప్పి వస్తుందని పాతకాలపు నమ్మకం ఒకటి మన శాలల్లో ఇంకా ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ మండే ఎండల్లో జరగబోతున్నాయని పశువైద్యులు ముందుగానే దీని మీద పరిశోధనలు చేశారు. ఒళ్ళంతా చన్నీళ్ళు ధారగా పోయడమే గుర్రాన్ని త్వరగా చల్లబరుస్తుందని, దానివల్ల హాని లేదని తేలింది. మన ఎండలకు ఈ సంగతి ప్రతి శాల గోడ మీదా రాయాలి. నీళ్ళూ తాగనివ్వండి. మధ్యమధ్య నడిపిస్తూ, కొద్దికొద్దిగా. చెమటలో చాలా ఉప్పు పోతుంది కాబట్టి ఆ రాత్రి దాణాలో కాస్త ఉప్పు వేయండి. మర్నాడు పొద్దున్నే నాలుగు కాళ్ళ మీదా చెయ్యి వేసి చూడండి. వేడి, వాపు లేకపోతేనే పోటీ సజావుగా ముగిసినట్టు.

చివరగా, పోటీ చేయకపోయినా చూడటానికి వెళ్ళే శ్రోతలకు ఒక మాట. లోపల గుర్రం ఉన్నంతసేపు కంచె దగ్గర గొడుగు తెరవకండి, ఈల వేయకండి, పిల్లలను కంచె వెంబడి పరిగెత్తనివ్వకండి, గుర్రం వెనక వైపు నుంచి దగ్గరికి వెళ్ళకండి. రౌతు ముగింపు వందనం చేశాక, చివరి కర్ర దాటాక, అప్పుడు చప్పట్లు కొట్టండి. సైసు గేటు దగ్గరే గుర్రం కోసం నిలబడి ఉంటాడు, కొన్ని చప్పట్లు అతనికీ కొట్టండి.